సగంలో ఆపేసిన వీడియో

అట్టా గట్టు మీద నిలబడి చూస్తే ఏం తెలుస్తుంది మేడంగారూ? కాస్త చేలోకి దిగండి. ఇది పత్తాకేనా చెప్పండి! బెండాకులాగా సన్నగా చీలిపోయి ముడుచుకుపోయింది. రెండెకరాలూ ఇంతే.

వ్యవసాయ శాఖ తరఫున చూడ్డానికి వచ్చారు కదా, విత్తనం నకిలీదని రాసేయండి. పర్చూరులో కొట్టు పెట్టుకున్న మాబు ఇచ్చిన విత్తనమే ఇది. మొన్న వెళ్లి నలుగురిలో వాణ్ణి కడిగేసి వచ్చాను.

ఏం మందులు కొట్టావంటారా? పక్కన మొక్కజొన్నకి కలుపుమందు కొట్టా. మర్నాడు ఈ పత్తికి, రసం పీల్చే పచ్చదోమ పట్టిందని దోమమందు కొట్టా. కలుపుమందు సంగతి ఫోన్లో వీడియో చూసే చేశానండీ, నా సొంత తెలివేం లేదు.

ఆ వీడియో ఆయన మందు ఇంత, నీళ్లు ఇన్ని అని పోసి మరీ చూపించాడు. పొయ్యడం అయ్యాక ఇంకేముంటుంది చూడ్డానికి? ఆపేశా. తీరా ఇప్పుడు చూస్తే, మందు కొట్టే ట్యాంకు కడిగే సంగతి చివర్లో చెప్పాడు! అంత ముఖ్యమైంది చివర్లో పెడతారా ఎవరన్నా? లైక్ కొట్టండి, గంట నొక్కండి అని మొదట్లో మూడు నిమిషాలు తిన్నాడే, అప్పుడేమైంది ఆ నోటికి?

అవునండీ, రెండు మందులకీ ట్యాంకు ఒకటే. ఒకసారి నీళ్లు పోసి తొలిపి పారబోశా, అంతే.

కలుపుమందు డబ్బాతో కాగితం రాలేదా అంటే... వచ్చింది. చీమ తలకాయంత అక్షరాలు. నాకు చదువు రాక కాదు, ఓపిక లేక వదిలేశా. మా ఆవిడ వెంకటరావమ్మ తీసింది. పెద్దయ్యాక నేర్చుకున్న చదువు దానిది. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదువుతుంది. సగానికి వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. "నువ్వు చదవడం అయ్యేసరికి పైరు కోతకొస్తది, ఆపవే," అన్నా. పక్కనున్న కూలీలంతా నవ్వారు. అది కాగితం మడిచేసింది.

ఆకులు ముడుచుకున్నాక అదే కాగితం తెచ్చి, ఆపిన చోటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి చివరిదాకా విన్నా. ఈ మందు వాడిన ట్యాంకుతో పత్తికి కొట్టరాదని ఉందండీ. అప్పుడు నేను ఆపించిన చోటుకి రెండు వరసల కింద.

చదివి, కాగితం నా చేతిలో పెట్టి చేలోకి దిగింది. తిట్టినా బాగుండేది. అదుగో చూడండి, ఈ పనికిరాని చేలోనే వంగి కలుపు తీస్తోంది.

నకిలీదని రాసేశారా? కొట్టెయ్యండి మేడంగారూ. మాబు ఇచ్చింది మంచి విత్తనమే. వాడి కొట్టుకెళ్లి, నలుగురిలోనే తప్పు నాదని ఒప్పుకుంటా. మా ఆవిడతోనే, మాట ఎట్టా మొదలుపెట్టాలో తెలీట్లేదు.