వంటింటి వెనుక అర్ర

శుక్రవారం మధ్యాహ్నం. దోహాలో, అల్ హిలాల్‌లోని ఒక విల్లా గోడవార ఆగి ఉన్న కంపెనీ పికప్. స్టీరింగు ముందు ఏసీ డక్టుల ఫోర్‌మన్ నర్సింగ్, పక్క సీట్లో అతని అక్క రాములవ్వ. ఆ విల్లాలో వంటా, ఇంటిపనీ ఏళ్ల తరబడి ఆమె చేతి మీదే నడుస్తున్నాయి.

“...అందుకే చెప్తున్ననక్కా, ఊర్ల కడ్తున్న మన ఇంటి హాలుకు కేసెట్ ఏసీ. సీలింగ్ నడుమల పెడితె నాలుగు దిక్కులకు కొడ్తది గాలి. మన మెట్‌పల్లిల ఎవలింట్ల లేదు, సూడు!”

“మంచిదే.”

“సోఫాల కూసున్నోళ్లకు నెత్తి మీదికెల్లి సల్లగ దిగుతది. ఇగో, ఫోన్ల ఉన్నది ప్లాను. గీ నీలం గీతలన్ని డక్టులు, గాలి పోయే తొవ్వలు.”

“కండ్లద్దాలు లోపల మర్చిపోయిన. నువ్వే నోటితోని చెప్పు.”

“మా అర్రకు ఒకటి. మా పిలగాడు సాత్విక్ అర్రకు ఒకటి. ఉడ్కపోస్తె వాడు పుస్తకమే ముట్టడు.”

“సల్లగుంటె ముడుతడా?”

“హహ, నిద్రపోతడు! ఇగ వంటింట్ల పెద్ద ఎగ్జాస్టు. ఎన్ని మిరపకాయలు ఏంచినా హాల్లకు ఘాటు రాదు. ఈడ విల్లాలల్ల ఎట్ల చేస్తమో అచ్చం అట్లనే. దేవుని అర్రకు సుత ఒక చిన్న జాలి పెట్టిన. అగర్బత్తుల పొగ పోవాలె గదా.”

“దేవునికి సుత పెట్టినవ్.”

“మరేమనుకున్నవ్! ఇన్నేండ్లు మందికి పెట్టిన, మన ఇంటికి పెట్టద్దా?”

“నాదేది అర్ర?”

“ఆఁ? నీదా... చెప్త చెప్త. ముందుగాల మీ మేడమ్ ముచ్చట విను, నవ్వుతవ్. అల్ వుకైర్ల కడుతున్నరు గదా కొత్త విల్లా?”

“ఏసీ పని మీ కంపెనీకే వచ్చిందంటివి.”

“నాకే వచ్చింది. నిన్న మేడమ్ సైటుకొచ్చింది. అంత తిరిగి తిరిగి, వంటింటి వెనుక పనిమనిషి అర్ర ఉంటది సూడు, పోయి పోయి అండ్ల నిలవడ్డది. దీనికి డక్టు ఏదీ అన్నది. మేడమ్, ఏ విల్లాలనైన గింతే, పనిమనిషి రూముకు ఎగ్జాస్టు ఫ్యానొక్కటే అన్న. మాఫీ, అదేం నడువది, దీనికి సుత డక్టు పెట్టమన్నది. సీలింగ్ అంత మూసినంక!”

“పెట్టినవా?”

“పెట్టక ఏం జేస్త? సీలింగ్ కోసి, దూరి, నడుం పోయింది. కని ఇంజనీర్‌కు గట్టిగనే చెప్పిన. సార్, ఇదంత దండుగ, ఉన్న పాత మనిషి ఎట్లాగు ఇంటికి పోతున్నది, కొత్తగ వచ్చేటామె ఎవలో ఏందో, ఆమెకు గంత సల్లదనం ఎందుకు? ఆ గాలి మజ్లిస్ హాలుకు మర్లిస్తె సుట్టాలన్న కూసుంటరు అన్న. సరే అన్నడు. రేపు పొద్దుగాల పోయి డక్టు నోరు మూసేస్త. కింద కనవడే జాలి అట్లనే ఉంటది, మేడమ్‌కు ఎర్కనే కాదు.”

“పాత మనిషంటె నేనే గదా.”

“అంటె... మాటకన్ననక్కా.”

“నాదేది అర్ర, నర్సింగ్?”

“కిందనే అక్కా. నీకు మెట్లెక్కుడు దిగుడు వద్దని. వంటింటికి ఆనుకొని, బాత్రూం పక్కకే, నల్లా పక్కకే. చెయ్యి చాపితె అన్నీ అందుతయ్.”

“దానికేం పెట్టినవ్?”

“ఏం పెట్టుడంటె... ఫ్యాను. కొత్త రకం. చప్పుడే రాదు.”

“ఇంక?”

“ఎగ్జాస్టు సుత ఉన్నది.”

“కిటికి?”

“ఉన్నది, కిటికి లేకుంటెట్ల! అంటె... వీధి దిక్కు కాదు. వెనుక దిక్కు. గిన్నెలు తోమేకాడికి.”

“గిన్నెలు తోమేకాడికి.”

“నీకు ఏసీ పడది గదా అక్కా! నువ్వే చెప్పినవ్. నేను దోహాకు కొత్తగ వచ్చినప్పుడు గీ గేటుకాన్నే నిలవడి అడిగిన, నీ అర్రల ఏసీ ఉన్నదా అని. నాకు పడదురా, మోకాళ్లు గుంజుతయ్, నేనే వద్దన్న అంటివి. అన్నవా లేదా?”

“అన్న.”

“మరింక?”

“క్యాంపుల ఉండలేనని కండ్లల్ల నీళ్లు పెట్టుకొని వచ్చినవ్ ఆనాడు. నీ ముందట ఇంకేమనాలె?”

“అంటె... పడుతదా నీకు?”

“జూన్ నెలల దోహాల ఎవలకు పడదురా? అందరు పండుకున్నంక వంటింట్ల చాప ఏసుకుంట. హాలు తలుపు కింద సందు ఉంటది. అండ్లకెల్లి ఇంత సల్లగాలి వస్తది. ఆడ మొకం పెట్టుకొని పండుకుంట.”

“నాకెన్నడు చెప్పలే.”

“నువ్వు మళ్లెన్నడు అడగలే. ఫోన్ మోగుతున్నది సూడు. పుష్ప.”

“తర్వాత మాట్లాడుత.”

“ఎత్తురా. ఏం పనుండెనో.”

“హలో పుష్పా, నేను మల్ల చే—”

“ఏమయ్యా, ఒక్క ముచ్చట చెప్పి పెట్టేయ్. రాజేశం మేస్త్రి ఏసీ పైపులకు గోడలల్ల బొక్కలు కొడుతుండు. హాలుకు కొట్టిండు, మనకు కొట్టిండు, పిలగానికి కొట్టిండు. సామాన్ల అర్రకు సుత కొట్టాల్నా అంటుండు.”

“ఏ సామాన్ల అర్ర?”

“అదేనయ్యా, వంటింటెనుక. బియ్యం బస్తాలు, ఇన్వర్టరు అండ్లనే పెడుతమంటిమి. మిగిలిన జాగల మీ అక్కకు మంచం ఏస్తమంటివి గదా—”

“పుష్పా! బండ్ల స్పీకర్ల వస్తున్నది. అక్క పక్కకే ఉన్నది.”

“...వదినా? బాగున్నవా వదినా? అన్నం తిన్నవా?”

“తిన్న బిడ్డా. మేస్త్రిని పోనియ్యి, ఆడ పొద్దుగూకుతుంటది.”

“వదినా, అది మీ తమ్ముడే గీసి పంపిండు, నేనయితె—”

“ఎర్కే బిడ్డా. పెట్టేస్తున్న.”

“అక్కా, అది... బస్తాలు వేరేకాడ పెట్టిస్త.”

“ఏసీ తగ్గియ్యి నర్సింగ్. సలిపెడుతున్నట్టు ముడుసుకొని కూసున్నవ్.”

“చలికి కాదక్కా. ఏమన్నంటలేవేంది?”

“ఏమనాలె?”

“తిట్టు. చెంప మీద ఒక్కటి కొట్టు. సిగ్గుతోని సస్తున్న. నీ మొకం దిక్కు సూడలేకపోతున్న.”

“తిట్టి ఏం జేస్తరా.”

“పుష్పది తప్పు కాదు. నేనే గీసిన. కావాలని కాదక్కా, నీ మీదొట్టు. ఈ విల్లాలకు గీసి గీసి... వంటింటి వెనుక చిన్న అర్ర రాంగనే చెయ్యి ఆగిపోతది. ఆడికి డక్టు రాదు, ఖలాస్. అండ్ల ఎవలుంటరని ఎన్నడు సోంచాయించలే. మన ఇంటికి గీసేటప్పుడు సుత చెయ్యి ఆడనే ఆగింది.”

“అండ్ల నేనుంటనని ఎర్కే గదా.”

“ఎర్కే.”

“అయినా ఆగింది.”

“అయినా ఆగింది అక్కా.”

“సరే తీ. కండ్లు తుడుసుకో. గేటుకాడ డ్రైవర్ సూస్తుండు.”

“సూడనీ! ఇప్పుడే మేస్త్రిని మళ్ల పిలుస్త. హాలుకు కేసెట్ వద్దు, ఏం వద్దు. నీ అర్రకు పెద్ద ఏసీ... కాదు కాదు, అర్రనే మారుస్త. ముందటి అర్ర నీది, వీధి దిక్కు కిటికున్నది. నేను, పుష్ప వెనుకకు పోతం.”

“బియ్యం బస్తాలకాడికా?”

“పోతం! ఏమయితది? అది నీ ఇల్లు. నాకు వీసా తీసింది నువ్వు, వీళ్లను బతిమిలాడి కంపెనీల పెట్టిచ్చింది నువ్వు. నువ్వు రాకుంటె అది నాకెందుకు? వస్తవు గదా? వచ్చే నెల వీసా క్యాన్సిల్ చేసుకొని పోతనంటివి గదా?”

“పొద్దుగాల మేడమ్ కూసుండవెట్టి అడిగింది.”

“ఏమని?”

“పోవుడు పక్కానా అని. కొత్తింటికి వస్తవా, ఇంకో రెండేండ్లు ఉంటవా అని. తమ్మున్ని అడిగి చెప్త అన్న.”

“నేను వద్దంటున్న! వద్దు. ఇంటికి పోదమక్కా.”

“అడుగుదామనే వచ్చిన. నాదేది అర్ర అని అడిగిన గదా. ఒక్కసారి కాదు, రెండుసార్లు అడిగిన.”

“మారుస్తనంటున్న గదా...”

“మారుస్తవ్. నాకెర్కే. కని ఇగ నన్ను సూసినప్పుడల్ల నువ్వు తలకాయ దించుకుంటవ్. పుష్ప అన్నం పెట్టుకుంట భయపడుతది. మీరట్ల నా ముందట తిరుగుతుంటె నేను సూడలేను.”

“దిగకక్కా. ఎండ మస్తున్నది. ఇంకింతసేపు కూసో.”

“చాయ్ పెట్టే యాళ్లయింది. నర్సింగ్, రేపు వుకైర్‌కు పోతవు గదా?”

“పోత.”

“ఆ డక్టు నోరు మూయకు. ఆ అర్ర నాదే.”