పనోళ్ల పాలసీ

మూకండపల్లిలో నిప్పంటుకొని కాలిపోతే మళ్లా కట్టుకున్న తన హోటల్లో, ఆమె ఇన్సూరెన్సు ఏజెంటుకు ఎదురుగా కూర్చునింది.

"పోయినసారి మాదిరే బిల్డింగుకు, సామాన్లకు వేసేద్దామామ్మా?"

"పనోళ్లకు ఏముందప్పా?"

"దానికి వేరే పాలసీ. రెండూ అంటే మీకు భారమవుతాది."

"అయితే పనోళ్లదే వెయ్యి."

"మళ్లా నిప్పంటుకుంటే హోటలు పోతాదమ్మా!"

"పోయినసారీ పోయింది. మీ దుడ్డుతో గోడలు లేచినాయి, ఫ్రిజ్జు వచ్చింది. దోసెలు పోసే కెంపమ్మకు ఏమీ రాలేదు. ఆ నిప్పులో కాలిన ఆమె వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు."

ఏజెంటు బిల్డింగు ఫారం పక్కన పెట్టినాడు.

"ఆమె ఇప్పుడు యాడుందమ్మా?"

"లోపలే, పొయ్యి కాడ. ఆ చేతికి ఇంకెవరు పనిస్తారు?"

లోపలికి వినపడకుండా హోటలామె గొంతు తగ్గించింది.

"మొదటి పేరు ఆమెదే రాయప్పా."