నా పేరు మీద పోయినోడు

ఏం అడిగినవ్? ఇంటికెందుకు పోవు తాతా అనా? నువ్వొక్కనివే అడుగక మిగిలినవురా, ఇగ నువ్వు గూడ అడిగినవ్. కూసో. ఉల్లిగడ్డలు కొయ్యి. అబ్బా, గంత లావుగనా, సన్నగ కొయ్యి! నర్సింలు తాత, నర్సింలు తాత అని ఈ అరబ్బు దేశంల, బర్వా అల్ బరాహా కూలీల క్యాంపంత నన్ను పిలుస్తది గని, నా అసలు పేరు నర్సింలు కాదురా. బుచ్చన్న. నర్సింలు నా తమ్ముడు. నవ్వకు, నిజం. వాడు నా పేరు మీద ఈ దేశమొచ్చిండు, నేను వాని పేరు మీద వచ్చిన. చెప్త ఆగు, కోసుకుంట ఇను.

గప్పుడు ఈ అద్దాల బిల్డింగులు ఏడియిరా? పెట్రోల్ పైసలు అప్పుడప్పుడే పొంగుతున్నయి, రోడ్లేసుడు, గోడలు కట్టుడు, రెండు చేతులున్నోడు దొరికితె సాలు ఎక్కిచ్చుకపోతుండ్రి. మా ఆర్మూర్ దిక్కు ఒక ఏజెంటు ఉంటుండె. మేం కురుమోళ్ళం, గొర్లు కాసెటోళ్ళం. బాపు మంద సగం అమ్మి నాకు వీసా తెప్పిచ్చిండు, పెద్దోణ్ణి గద. ఒకనాడు పొద్దుగాల్నే ఏజెంటొచ్చి, ‘ఇయ్యాల్నే బయలెల్లాలె, బొంబాయి బండి ఉన్నది’ అన్నడట. నేనేమో గొర్ల ఎంబడి అడివిల ఉన్న. మమ్ముల కన్న మా అవ్వ బాలవ్వకు చిన్నోడంటె పానం. ‘పెద్దోడొచ్చేదాక బండి ఆగుతదా, నువ్వే పోరా’ అని నా గొంగడి వాని మీద కప్పింది. బాపుకు కండ్లు కనరావు. వీడు పోయి కాళ్ళు మొక్కి, ‘బాపూ, బుచ్చన్నను, పోయొస్త’ అన్నడు. బాపు గొంగడి తడిమి, నెత్తి మీద చెయ్యి పెట్టి, ‘పైలం కొడుకా’ అన్నడు. ఫోటోల మేమిద్దరం ఒక్క తీర్గనె ఉంటిమి, ఇగ అడిగెటోడెవడు? మాపటీలి నేనింటికొచ్చి ‘బాపూ’ అంటె ముసలోడు గజగజ వణికిండురా. ‘నువ్వు ఈడుంటె, మరి నేను దీవిచ్చింది ఎవన్నిరా?’ అన్నడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది. కోపమా? కోపమంటె గిట్ల గట్ల కాదు. వాడు కండ్లవడితె కాళ్ళిరగ్గొడ్త, వాని దొంగతనం అందరి ముంగట చెప్పి వాపసు పంపిస్త అని పోశమ్మ మీద ఒట్టు పెట్టుకున్న.

మూడేండ్లకు మల్ల గా ఏజెంటే నన్ను గూడ పంపుత అన్నడు, గదే కంపెనీకి. బుచ్చన్న అన్నోడు అప్పటికే ఈడ ఉన్నడు గదా, ఇగ నేనెవన్ని? నర్సింలు పేరు మీద పాస్‌పోర్టు తీసిండు. ఈ ముచ్చట ఇక్కడ మా తమ్మునికి తెలిసింది. వాళ్ళ మెస్సుల వంట చేసెటోడు సామేలని, మెదక్ దిక్కు కిరస్తానపాయన. మంచోడు, గని నోరు మూతవడదు. ఎర్రపప్పు కలుపుకుంట యూదుల పాత కథలు చెప్తుండె. ఒకనాడు ఏశావు, యాకోబు అని అన్నదమ్ముల కథ ఎత్తుకున్నడట. చిన్నోడు గిన్నెడు ఎర్రపప్పు పెట్టి అన్న పెద్దరికం కొనుక్కున్నడట, మేకతోలు చేతులకు చుట్టుకొని గుడ్డి తండ్రి కాడ అన్న దీవెన కొట్టేసి దేశం పట్టుకపోయిండట. మావోడు తింటున్న తల్లె పక్కకు జరిపి, ‘మల్ల గా అన్న కలిసిండా సామేలన్నా?’ అన్నడట. ‘కలువకేం, నాలుగొందల మందిని ఎంటేసుకొని ఎదురొచ్చిండు. తమ్మునికి గుండె జారి, ముందుగాల మేకలు, ఒంటెలు, మందల ఎనుక మందలు కానుక పంపిండు’ అన్నడట సామేలు. గంతే, మావోడు కడమ కథ ఇనకుండనె లేచిపోయిండు. ఇగ చూడు, నేను బొంబాయిల నలభై మందితోటి విమానం కోసం పడి ఉంటె, సెలవు మీద పోయెటోళ్ళ చేతుల ఒక కంబలి వచ్చింది. మల్ల ఒక గడియారం. మల్ల రేడియో! ‘నీ తమ్ముడు పంపిండు’ అంటె ‘నాకు తమ్ముడు లేడు’ అన్న. అని రేడియో తీస్కున్న. ఏందిరా నవ్వుతవ్, కోపం కోపమే, రేడియో రేడియోనే.

ఇగ ఈడ దిగినం. లారీల క్యాంపుకు తెచ్చి ఎండల లైను కట్టిచ్చిండ్రు. హాజరు తీసెటాయన హైదరాబాద్ సాబు, గౌస్ మొహియుద్దీన్. ‘నర్సింలూ! కౌన్ హై రే నర్సింలు? యల్లా యల్లా, జల్ది!’ అని ఒర్లుతుండు. నాకేమో అది నా పేరని యాదికి లేదు, గుంజ తీర్గ నిలవడ్డ. గంతట్ల మెస్సు దిక్కుకెల్లి ‘హాజిర్ సాబ్!’ అని ఒకడు ఉరికొచ్చిండు. మా నర్సింలు! మూడేండ్ల సంది వాన్ని ఆ పేరు పెట్టి పిలిచినోడు లేడురా. ఇనవడంగనె నోరు ఆగలే. ‘అరే, తూ తో బుచ్చన్న హై నా?’ అని గౌస్ సాబు కండ్లు పెద్దగ చేసిండు. మావోనికి అప్పుడు సోయికొచ్చింది. నన్ను చూసి గక్కడనె ఇసుకల మోకాళ్ళ మీద కూలవడ్డడు. నేనొక్క మాటంటె సాలు, పోలీసు, వాపసు బండి. అందరు నా దిక్కే చూస్తుండ్రు. వాన్ని చూసిన. దుబాయ్ పోయి దొరయిండు అనుకుంటుంటి, అరబ్బు దేశం ఏదైన మాకు దుబాయే గద. చెంపలు పీక్కపోయినయి, చేతులు సిమెంటుకు పుండ్లు పుండ్లు. నా దగ్గర దొంగిలించిన భాగ్యం గిదారా అనిపిచ్చింది. ‘నేనే సాబ్ నర్సింలును’ అన్న. ‘నాకు జర చెవుడు. వాడు మా అన్న, బుచ్చన్న. తమ్ముడు పలుకుతలేడని వాడు పలికిండు’ అన్న. అని నేనే ఉరికి వాన్ని లేపిన. నా మెడ పట్టుకొని చిన్నపోరని తీర్గ ఏడ్సిండురా. నేను గూడ ఏడ్సిన, నీకెందుకు అబద్ధం. మావోడు ముందే అంత చెప్పుకున్నడట, సామేలు గంటె పట్టుకొనొచ్చి మా చెవుల కాడ మెల్లగ, ‘కథల గూడ పెద్దోడే ఉరికొచ్చి మెడ మీద వడి ఏడ్సిండ్రా! కడదాక ఇనుంటె నీకు రేడియో దండుగ తప్పుతుండె గద’ అన్నడు.

ఇగ అప్పటి సంది అందరి ముంగట నేను వాన్ని ‘అన్నా’ అనాలె. ఎవలు లేనప్పుడు వాడు, ‘నన్ను అన్నా అనకే అన్నా, సిగ్గయితంది’ అంటుండె. నా బట్టలు వాడే పిండుతుండె. వద్దంటె ఇనకపోతుండె, మొండోడు. ఆరేండ్లు గట్ల కలిసున్నం. ఒక ఎండకాలం డ్యూటీల వడిపోయిండు, మల్ల లేవలే. పెట్టె మీద బుచ్చన్న అని రాసిండ్రు. కాయితంల సచ్చిపోయింది నేనురా. పెట్టెతోటి నేనే పోయిన. అవ్వ ఎంత ఏడ్సిందో... ఊరంత నన్ను ‘బుచ్చన్నా, బుచ్చన్నా’ అని ఓదార్చిండ్రు. నెల తిరగక ముందే మల్లొచ్చిన. ఇంటికెందుకు పోవు అంటివి గద. ఊర్లె నేను బుచ్చన్ననురా. నర్సింలు అని పిలిచెటోడు లేడు ఆడ. ఈడ రోజుకు వందసార్లు పిలుస్తరు. నేను పోతె వాని పేరుకు పలికెటోడు ఎవడున్నడు?

ఎవడది గేటు కాడ? నన్నేనా? ఆ... హాజిర్, హాజిర్! వస్తున్న. నువ్వు గా పప్పు చూడు, అడుగంటుతది.