పన్నెండు మీటర్ల కైట్ ఎవరికి?

సముద్రపు ఒడ్డున కైట్లు అద్దెకిచ్చే కొట్టు. చాలినంత గాలి లేక అయిదు రోజులుగా ఇసకలోనే బుజ్జి కైట్‌తో తిప్పలు పడుతున్న కొత్త జంట బల్లకు ఇవతల. కైట్ పట్టుకుని నీళ్ళ మీద పలకెక్కి దూసుకుపోవడం నేర్పే ఆవిడ అవతల. ఆవిడ అప్పుడే ఫోన్ పెట్టేసింది.

"వచ్చేస్తోందర్రా గాలి! రేపు పొద్దున్నుంచీ మంచి జోరట. ఇక ఇసకలో ఆటలు చాలు, నీళ్ళలోకి దిగుదురుగాని."

"అబ్బ! అక్కా, మీ నోట్లో పంచదార పొయ్య!"

"పంచదార తర్వాత. ముందు సైజు తేలాలి. బాబూ, నీకు?"

"పన్నెండు మీటర్లది. మా ఆవిడకి తొమ్మిది."

"పన్నెండా! ఏవండీ, అది కైటా, సర్కస్ డేరానా?"

"నువ్వుండు. అక్కా, రాసెయ్యండి."

"నీ ముచ్చట కాదు బాబూ. మనిషి బరువైతే పెద్దది, తేలికైతే చిన్నది. నీ బరువెంత?"

"డెబ్బై."

"డెబ్బయ్యా! జేబుల్లో రాళ్ళు పోసుకునా బాబూ?"

"డెబ్బై అన్నానుగా."

"నమ్మకండక్కా. పెళ్ళి ఫొటోల్లో నిండుగా కనిపించాలని కోటు కింద రెండు స్వెట్టర్లు తొడుక్కున్న మనిషి. ఫ్యాను కాస్త పెంచితే దుప్పటి అంచు పట్టుకుంటారు!"

"నవ్వులాట కాదమ్మా. యాభై అయిదు కేజీల మనిషి రేపటి గాలికి పన్నెండు పట్టుకుంటే, నీళ్ళలోంచి లేపి రోడ్డు మీది కార్ల మీద పడేస్తుంది. గాలేమైనా పెళ్ళామా, చెప్పినదానికల్లా తలూపడానికి?"

"ఈ పెళ్ళాం మాత్రం ఎప్పుడు తలూపిందక్కా!"

"విన్నారా? రేపు చూడ్డానికి మా అన్నయ్యలు ముగ్గురూ వస్తున్నారు. వాళ్ళ ముందు డాబు కోసమే ఇదంతా. బావగారు ఎంత పెద్ద కైట్ పట్టారో అనిపించుకోవాలి, అంతేగా?"

"అనుకో."

"అనుకోవడమేమిటి, కనిపిస్తుంటే!"

"సరే, నీ సంగతేమిటమ్మా? మొదటిరోజు కాగితంలో యాభై రెండని రాశావు. అంతేనా?"

"ఆ... అంతే. ఇంచుమించు."

"ఇంచా, మించా?"

"తనది యాభై రెండే అక్కా. నేను సాక్షి."

"నిన్నెవరడిగారు? వెనక తూకం మిషనుంది, ఇద్దరూ ఎక్కండి."

"వద్దు!"

"వద్దొద్దు!"

"అబ్బో, దీనికి మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. నేను లోపలికెళ్ళి కైట్లు దులుపుతాను, ఈలోపు తేల్చుకోండి. బరువు తక్కువ చెప్పినవాళ్ళు నీళ్ళలోంచి లేవరు, ఎక్కువ చెప్పినవాళ్ళు నీళ్ళలో ఆగరు. తర్వాత నన్ననుకోవద్దు."

"వెళ్ళిందిగా. ఇప్పుడు చెప్పండి, ఏమిటీ మొండితనం? పెళ్ళై ఇరవై రోజులు కాలేదు. మీరు ఎగిరిపోతే నేనేం కావాలి?"

"ఎగరను. నేను పట్టేది పన్నెండు కాదుగా."

"మరి?"

"రాయించుకునేది నేను, అంతే. రేపు ఆ ఇసకదిబ్బ చాటుకెళ్ళాక మార్చుకుందామనుకున్నా. తొమ్మిది నాకు, పన్నెండు నీకు."

"నాకా! నాకెందుకు పన్నెండు? నాది యాభై... యాభై రెండు."

"ఊఁ."

"ఊఁ ఏమిటి, ఊఁ?"

"మొదటిరోజు గది గుమ్మంలో నిన్నెత్తుకున్నానా? మర్నాటికి నడుం పట్టేసింది. నువ్వే మందు రాశావు."

"అది బస్సులో కూచుని పట్టేసిందన్నారు!"

"అన్నాను."

"ఎంత మనిషండీ మీరు!"

"నెమ్మది, ఆవిడ వింటుంది. మీ చిన్నన్నయ్య పెళ్ళిరోజే నా చెవినేశాడు, చిన్నప్పుడు నిన్ను గుండ్రాయీ అని ఏడిపించేవాళ్ళట కదా. కైట్ మీద సైజు అంకె అంత లావున ఉంటుంది. రేపు ఈ కొట్టు ముందు నీ చేతిలో పన్నెండు చూస్తే ముగ్గురూ ఊరుకుంటారా?"

"ఇంతసేపూ నేను మిమ్మల్ని చెడామడా అంటుంటే ఆపొచ్చుగా!"

"బాగా అంటున్నావు, ఎందుకు ఆపడం?"

"జరగండి, నేను లేవాలి."

"ఏయ్, ఎక్కడికి? కూచో. నా మాట విను..."

"అక్కా! ఇటు రండక్కా! ఆ యాభై రెండు కొట్టేసి అరవై ఏడు రాయండి. పన్నెండు నాకు, తొమ్మిది ఈ ఈకముక్కకి. రేపు మా అన్నయ్యలకి కుర్చీలు నీళ్ళ అంచునే వేయించండి, ఆ అంకె వాళ్ళకి బాగా కనబడాలి!"