నీళ్ళలో నానిన డ్యూయీ

అరవకు! నెల తిరిగేదాకా నోరు విప్పొద్దని డాక్టరు చెప్పాడా లేదా? గొంతులో గడ్డ తీయించుకుని పడుకున్న మనిషివి. అయినా, అన్నయ్యా, చెప్పేది పూర్తిగా వినకుండానే ఆ పలకమీద అంతంత అక్షరాలతో ‘హంతకురాలు’ అని రాస్తారా ఎవరైనా? నేనేం చేశానిప్పుడు? నీ బేస్‌బాల్ కార్డును నీళ్ళలో వేశాను. అంతేగా!

ఆఁ, నీళ్ళలోనే. గోరువెచ్చని నీళ్ళు, పింగాణీ పళ్ళెం. పాత కార్డులు పోగుచేసేవాళ్ళు అంటుకుపోయినదాన్ని ఊడదీసే పద్ధతే ఇది. అచ్చు సిరాకు ఏమీ కాదు, బంక మాత్రమే కరుగుతుంది. తర్వాత అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన అమ్మ బైబిలు బరువు పెట్టాను. ఇదిగో, చూడు. ఎక్కడైనా రంగు పోయిందా? కార్డుమీది నీ ఆటగాడు డ్యూయీ మాల్‌బ్రిడ్జ్ తలంటుకుని వచ్చినట్టున్నాడు.

ఎవరు వెయ్యమన్నారంటావా? నువ్వే! కార్డును మన ఊరి మ్యూజియానికి ఇస్తానన్నది ఎవరు? గాజుపెట్టెలో పెట్టే చీటీలు రాసేది నేనేనని తెలియదా నీకు? శనివారం తలుపులు తెరుస్తున్నారు. నువ్వేమో చీటీలో ఇలా రాయమని కబురు పంపావు: ‘1960 ఏప్రిల్. దాత పుట్టిన రోజున తండ్రికి సాసేజీ పొట్లంలో దొరికింది. ఆ ఆటగాడి పేరే దాతకు పెట్టారు.’

బళ్ళో చరిత్ర చెప్పి తల నెరిసినదాన్ని. ఆధారం ఏదీ అని అడగకుండా గాజుపెట్టెలోకి ఎలా ఎక్కించమంటావు?

నాకు అసూయ అని రాస్తున్నావా? రాయి, రాయి. కాదని ఎప్పుడన్నాను? నువ్వు పుట్టిన రోజుకు సాక్ష్యంగా నీకు చెక్కఫ్రేములో బేస్‌బాల్ కార్డు ఉంది. నేను పుట్టిన రోజుకు సాక్ష్యం అమ్మ సణుగుడు. ‘నువ్వు పుట్టావని నర్సు చెప్పేసరికి మీ నాన్న ఆసుపత్రిలో లేడు. ఎటో పోయాడు. పొద్దువాలాక ఉల్లిపాయల కంపుతో వచ్చాడు.’ బీరు దుకాణానికి పోయాడని అమ్మ తీర్మానించుకుంది. రెండోసారీ కొడుకే కావాలనుకుని మొహం చాటేశాడని నేను తీర్మానించుకున్నాను. ఆయన్ని అడిగితే నవ్వేవాడు. నవ్వు ఆధారం కాదు కదా!

సరే, కార్డు సంగతికి వద్దాం.

టోపీ చూపిస్తున్నావు. తెలుసు. ఆ చారల టోపీ మన రివర్‌మెన్ జట్టు అరవైలో, ఆ ఒక్క ఏడాదే పెట్టుకుంది. ఒప్పుకున్నాను. కానీ అది ఫొటో ఎప్పుడు తీశారో చెబుతుంది. కార్డు ఎప్పుడు అచ్చువేశారో చెబుతుందా? ఈ కార్డులు అచ్చువేసి మాంసం పొట్లాల్లో పెట్టే ఆ క్రెమ్‌సర్ సాసేజీల వాళ్ళు పిసినారులు. ఒక ఫొటో చేతికి చిక్కితే ఏళ్ళతరబడి వదిలేవాళ్ళు కాదు. అంతెందుకు, మీ ఇంటి గోడమీద నీ పెళ్ళిఫొటో ఉంది. దాన్ని చూసి నీకు ఇరవయ్యారేళ్ళని ఎవరైనా అనుకుంటున్నారా?

అసలు సంగతంతా కార్డు వెనకవైపు ఉంటుంది. మన కార్డు వెనకవైపు ఎవరూ చూడలేదు. ఎందుకు? నాన్న చెక్కకు అంటించేశాడు గనక. నాలుగు మూలలా నాలుగు చుక్కలు పెడితే సరిపోయేదానికి ఆ మహానుభావుడు వీపంతా బంక పులిమాడు. ఎందుకలా చేశాడో అప్పుడు మనకు తోచలేదు.

ఇప్పుడు తిప్పి చూడు. కళ్ళజోడు పెట్టుకో. ముందు అడుగున చూడు. ‘మిగతా కార్డులకోసం మాకు రాయండి’ అని సాసేజీల వాళ్ళ చిరునామా ఉందా? ఊరిపేరు పక్కన ఐదంకెలు కనిపిస్తున్నాయా? పోస్టువాళ్ళు ఆ అంకెలు పెట్టింది అరవైమూడు జూలైలో. అంతకుముందు ఈ దేశంలో ఏ చిరునామాకూ ఐదంకెల తోక లేదు. అరవై ఏప్రిల్లో అచ్చయిన కార్డుమీదికి అవి ఎక్కడినించి వచ్చాయి, ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?

ఒక్క సాక్ష్యం చాలదంటావు. శభాష్! నా దగ్గర చదువుకున్న పిల్లలు కూడా ఇంత బాగా అడగలేదు. అయితే పైన రెండో వాక్యం చదువు. ‘మన జట్టులో మాల్‌బ్రిడ్జ్‌కు ఇది ఐదో సీజను.’ ఆయన మన ఊరికి ఎప్పుడొచ్చాడు? నువ్వే కదా, దొరికినవాడికల్లా చెప్పేది, ‘నేనూ మాల్‌బ్రిడ్జూ ఈ ఊరికి ఒకే ఏడాది వచ్చాం’ అని! అరవైలో మొదటిది. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకో. ఐదోది అరవైనాలుగు.

పాపం, నీ మాటే నీ కొంప ముంచింది.

మరి నీకా పేరెక్కడిదంటావా? అమ్మ మేనమామ డ్యూయీది. పందుల వ్యాపారి. అలా మొహం చిట్లించకు, పెద్దమనిషే. కార్డులోంచి పేరు నీకు రాలేదు, అన్నయ్యా. నీ పేరు కనపడిందనే నాన్న ఆ కార్డు దాచాడు.

వద్దు, అటు తిరిగి పడుకోకు. ఇంకా అయిపోలేదు.

ఇక్కడితో ఆపేస్తే నేను గెలిచినట్టే. నిన్న నిజంగానే గెలిచాననుకున్నాను. కేకు కూడా తెచ్చుకున్నాను. సగం తిన్నాక నువ్వు చెప్పే కథ గుర్తొచ్చింది. ప్రతి జూలై నాలుగునా, స్వాతంత్ర్య దినం విందులో, అందరూ గడ్డిలో కూర్చుని తింటుంటే, నువ్వు ఎత్తుకుంటావు చూడు: ‘నాకు బాగా గుర్తు. ఆసుపత్రి రాతిమెట్లు. నాన్న ఆకుపచ్చ టై. ఎదురుగా హాట్‌డాగ్ బండి. బండివాడు సాసేజీల పొట్లం చింపి నా చేతిలో కార్డు పెట్టాడు. వేళ్ళనిండా మస్టర్డ్, ఆ పచ్చటి ఆవముద్ద.’ మేమంతా పడీ పడీ నవ్వేవాళ్ళం. నేనే కదా మొదలుపెట్టేది! ‘పుట్టినరోజునే హాట్‌డాగ్ తిన్న పసివాణ్ణి చూశారా?’ అని.

నువ్వు తలవంచుకుని, ‘గుర్తుందంటే గుర్తుంది’ అనేవాడివి.

గుర్తుంది, అన్నయ్యా. నీకు గుర్తుంది. ఇన్నేళ్ళూ నిన్ను అబద్ధాలకోరని అన్నాను చూడు, అది వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. రోజు ఒక్కటే తప్పు.

అరవైనాలుగు జూన్‌లో ఆసుపత్రికి ఎవరు వెళ్ళారు? నన్ను కనడానికి అమ్మ. మెట్లమీద ఎవరు కూర్చుని ఉంటారు? కొత్త పాప వద్దని ఏడ్చే నాలుగేళ్ళ మొండిఘటం ఒకడు. ఉల్లిపాయల కంపు ఎక్కడిది? బీరు దుకాణంలోదా, ఉల్లిపాయలు వేయించే హాట్‌డాగ్ బండిదా? నిన్ను ఊరుకోబెట్టడానికి నాన్న కార్డుమీద పేరు చూపించి, ‘ఇది నువ్వు పుట్టిన రోజునే నీకోసం వచ్చిందిరా’ అని ఉంటాడు. ఆ మాటను కాపాడుకోడానికి వీపంతా బంక పులిమి ఉంటాడు. అమ్మ ఎంత సణిగినా నోరు మెదపలేదు. ఇవన్నీ ‘ఉంటాడు’ అనే ఊహలే. చివరిదానికి మాత్రం నేను సాక్షిని.

అంటే ఆయన మొహం చాటెయ్యలేదు. నీ దగ్గర ఉన్నాడు.

ఏమిటి మళ్ళీ రాస్తున్నావు? పలక ఇటు తిప్పు. ‘అయితే కార్డు ఎవరిది?’

నీదే. నేను పుట్టిన రోజునా ఆయన కొన్నది నీకే కదా! చూశావా, కార్డంతా నీళ్ళలో నానబెట్టి వెతికినా నాకేమీ కొన్నట్టు తేలలేదు. పోనీలే. ఇన్నేళ్ళూ ఎక్కడికి పోయాడో అనుకున్నాను. రోడ్డు దాటి పోయాడు, అంతే.

చీటీ ఇలా రాశాను, విను: ‘1964. బేస్‌బాల్ సీజను. దాత: డ్యూయీ.’ నెల వెయ్యలేదు. నెలకు ఉన్న ఆధారమల్లా నీ వేళ్ళమీది మస్టర్డే. మ్యూజియం వాళ్ళు ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను, చీటీమీద అయితే.

కళ్ళు తుడుచుకో, నర్సు వస్తోంది. నేనే ఏడిపించాననుకుంటుంది. గాజుపెట్టెలో ఉన్నా కార్డు నీదే, అన్నయ్యా. తేదీ మాత్రం నాది. ఊఁ, ఆ ఐస్‌క్రీం కరిగిపోతోంది, తిను.