సముద్రాన్ని ఆపిన ఎర్రటోపీ

చెక్ దేశంలోని ఓల్షినా స్టేషన్ ఎదుట హెద్విక నడిపే బీరు కొట్టులో ఆదివారం పొద్దున పదింటికే బల్లలన్నీ నిండిపోయాయి. రైల్వే పెన్షనర్ల సంఘం మే నెలలో వెనిస్ వెళ్తోంది. మొత్తం ఇరవై నలుగురు. అందరికీ కలిపి ఒకటే టికెట్టు, అది ఎవరి జేబులో ఉంటే వాళ్ళే నాయకులు. ఆ మనిషి ఎక్కమంటే ఎక్కాలి, దిగమంటే దిగాలి. ఆ మనిషెవరో ఈ పూట తేల్చాలి. సంఘం కార్యదర్శి వ్లాస్త, ఒకప్పుడు టికెట్ల కిటికీ వెనక కూర్చున్నావిడ, "ఎవరైనా..." అని ఇంకా అంటుండగానే ఆలోయిస్ చెయ్యెత్తేశాడు.

ఆలోయిస్ ఆ స్టేషన్లోనే నలభై ఒక్కేళ్ళు ఎర్రటోపీ పెట్టుకుని, పచ్చబిళ్ళ ఎత్తి చూపి బళ్ళను సాగనంపినవాడు. కిందటేడు భార్య యార్మిలను వెంటబెట్టుకుని, పెన్షనర్ల పాసు మీద వియన్నా, వెనిస్, మిలాన్, పారిస్ చుట్టి వచ్చాడు. ఆ గదిలో అంత దూరం వెళ్ళొచ్చినవాళ్ళు వాళ్ళిద్దరే.

పక్కనే కూర్చున్న యార్మిలకు భయం వేసింది. ఆ యాత్ర సంగతి ఆమెకు తెలుసు మరి. ఎనిమిది రోజులు, నాలుగు నగరాలు, ఒక్కచోట కూడా స్టేషన్ దాటి బయటికి పోలేదు. రాత్రిళ్ళు రైల్లో నిద్ర, పగళ్ళు ప్లాట్‌ఫాం మీద కాపలా. "ఈ ఒక్క బండీ వెళ్ళనీ, ఆ తర్వాత ఊరు చూద్దాం" అనేవాడు ఆలోయిస్. ఆ బండి వెళ్ళేది, ఇంకోటి వచ్చేది. వచ్చిన ప్రతి బండినీ గడియారంతో చూసి చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. ఆమె ఒళ్ళో సంచి పెట్టుకుని బెంచీ మీద కూర్చునేది. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవంటారే, అది ఇలాంటివాణ్ణి చూసే అని ఉంటారు.

ఇప్పుడు టికెట్టు ఈయన జేబులో పడితే, పెళ్ళయినప్పట్నుంచీ కలలు కంటున్న వెనిస్‌లో ఆమె మళ్ళీ బెంచీ మీదే. తనతోపాటు ఇంకో ఇరవై రెండు మంది కూడా. అలాగని ముప్ఫై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషిని నలుగురిలో పలచన చెయ్యడానికి నోరెలా వస్తుంది? రాలేదు. కాఫీ ఊదుకుంటూ కూర్చుంది.

నాయకుడవాలంటే అనుభవం కావాలి కదా, కిందటేడు ఏమేం చేశారో చెప్పమని వ్లాస్త అడిగింది. ఆలోయిస్ బీరు నురగ మీసం తుడుచుకున్నాడు.

"నేను పెద్దగా చేసిందేమీ లేదు లెండి. వియన్నాలో ఓ బండి కదుల్తోంటే మూడో పెట్టె చక్రం చప్పుడు తేడాగా వినబడింది. టకటకా అనాల్సింది టక్కు-టకా అంటోంది. వెళ్ళి చెప్పాను, వాళ్ళు చూశారు, నిజమే, బాగు చేసుకున్నారు, అంతే. నలభై ఒక్కేళ్ళ చెవి కదండీ ఇది."

ఇందులో ముప్పాతిక నిజమే. ఆయన చెప్పింది ప్లాట్‌ఫాం ఊడ్చే మనిషికి. ఆ మనిషి కాస్త కాళ్ళు ఎత్తమని సైగ చేశాడు.

ఎదుటి బల్ల దగ్గర ఎవ్‌జెన్ ఉన్నాడు. ముప్ఫయ్యేళ్ళు బొగ్గు బళ్ళు నడిపి మోకాళ్ళు అరగదీసుకున్న డ్రైవరు. చక్రం చప్పుడు మా కుక్క కూడా పట్టేస్తుంది, అందులో ఏముంది అన్నాడు. అందరూ నవ్వారు. అక్కడితో ఊరుకుంటే ఆలోయిస్ ఎందుకవుతాడు?

"పడుతుందిరా ఎవ్‌జెన్, మీ కుక్క గట్టిదే. సముద్రాన్ని పడుతుందా మరి? వెనిస్ వెళ్ళాలంటే నీళ్ళ మీద పొడుగాటి వంతెన, సరిగ్గా మధ్యకొచ్చేసరికి పోటు మొదలైంది, నీళ్ళు పట్టాల మీదికి, పట్టాల మీంచి మెట్ల మీదికి, చూద్దును కదా, పెట్టెలో చేపలు, ఒక్కదానికీ టికెట్టు లేదు, ఒకటైతే మా యార్మిల పక్క సీట్లోనే కూర్చుంది, అదీ కిటికీ వైపు, ఆ ఇటలీ కండక్టరు వాటిని అడగాల్సింది పోయి సామాన్ల అర ఎక్కేసి దణ్ణాలు పెడుతున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సంచిలోంచి నా ఎర్రటోపీ తీశాను. పెట్టుకున్నాను. దిగి వంతెన మీద నిలబడి చెయ్యి అడ్డంగా చాపాను. సముద్రం ఆగింది."

హెద్విక గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఆగిందా?"

"ఆగదూ మరి? ఈ చెయ్యి చాపితే ఎక్స్‌ప్రెస్సులే ఆగేవి, ఉప్పునీళ్ళెంత. మా బండి దాటాక పచ్చబిళ్ళ ఎత్తి దాన్ని వెళ్ళనిచ్చాను. ఆ రోజు పోటు నాలుగు నిమిషాలు ఆలస్యం. పాపం, దాని తప్పేం లేదు."

చేప కిటికీ వైపు కూర్చుందన్న దగ్గర యార్మిలకే నవ్వాగలేదు. ఈయన అబద్ధాలు ఆమెకు కొత్త కాదు, కానీ ఈ పూట ఊపు మీదున్నాడు. బల్లల వాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. ఎవరో ఆయన ముందు ఇంకో గ్లాసు పెట్టించారు.

అక్కణ్ణించి వెనిస్ ఊళ్ళోకి దిగాడు ఆలోయిస్. అక్కడి పడవలవాళ్ళకి టైమ్‌టేబులంటే ఏమిటో తెలియదట, ఎవడికి బుద్ధి పుట్టినప్పుడు వాడు కదుల్తాడట. ఈయన ఒక రుమాలు మీద టైమ్‌టేబులు గీసి, వంతెన మీద నిలబడి మూడొందల పడవల్ని నిమిషానికొకటి చొప్పున సాగనంపాడట. వెయ్యేళ్ళలో మొదటిసారి పడవలు వేళకి నడిచేసరికి ముసలి పడవవాళ్ళు ఈయన్ని కావలించుకుని ఏడ్చారట. నగరపెద్ద వచ్చి ఊళ్ళోకెల్లా మంచి పడవ ఇచ్చాడట.

"దాంట్లో నా భార్యని కూచోబెట్టి పొద్దుగూకేదాకా తిప్పాను. తెడ్డు నేనే వేశాను. ప్రతి వంతెన మీదా జనం, ఈవిడ మీద పూలు పోస్తున్నారు. పడవలో పూలు నిండి మునిగేట్టుంటే సగం నీళ్ళలో పారబోశాం."

ఆడవాళ్ళంతా యార్మిల వైపు తిరిగారు. అదృష్టవంతురాలివమ్మా అంది వ్లాస్త. యార్మిల మొహం ఎర్రబడింది. ఒక్క క్షణం ఆమె నిజంగానే ఆ పడవలో కూర్చుంది, ఒళ్ళో పూలున్నాయి, ఎదురుగా తెడ్డు వేస్తూ మొగుడున్నాడు. భలే సంతోషమేసింది. వెంటనే ఒళ్ళు మండింది కూడా. మాటల్లో ఇంత బాగా తిప్పగలిగినవాడు, నిజంగా పది అడుగులు తిప్పితే అరిగిపోయేవాడా?

ఆలోయిస్‌కు ఇవేవీ పట్టవు. మిలాన్ చేరిపోయాడు. అక్కడి స్టేషన్లో ఇరవై నాలుగు ప్లాట్‌ఫాంలు, ఈయన అలవాటుగా ఓ ఈల వేశాడట, ఇరవై నాలుగు బళ్ళూ ఒక్కసారి కదిలాయట. ఆ ఈల విని సంగీత నాటకశాల వాళ్ళు పరుగెత్తుకొచ్చి, రాత్రికి మా వేదిక మీద వెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డారట. వేశాడు. జనం ఏడుసార్లు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు.

"ఆ ఈలకి మళ్ళీ బళ్ళు కదల్లేదా?" అన్నాడు ఎవ్‌జెన్.

"వాటికి ముందే చెప్పి వచ్చాను. ఇంతకీ అసలు సంగతి వినండి. పారిస్ వెళ్ళే దారిలో మంచుకొండ, కొండలో సొరంగం. చలికి పట్టాలు ముడుచుకుంటాయా లేదా? నువ్వే చెప్పు, డ్రైవరువి."

ముడుచుకుంటాయని ఎవ్‌జెన్ ఒప్పుకోక తప్పలేదు.

"సొరంగం కూడా ముడుచుకుంది. బండి సగం లోపలికెళ్ళి సీసాలో బిరడాలా బిగుసుకుపోయింది. ముందుకి పోదు, వెనక్కి రాదు. ఎనిమిది వందల మంది హాహాకారాలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా యార్మిల రీజ్‌కీలు వేయించి తెచ్చింది."

దీనికి మాత్రం ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఊరు దాటే ఏ చెక్ ఇల్లాలైనా పంది మాంసం ముక్కలకు పిండి పట్టించి, నేతిలో వేయించి, సంచిలో కుక్కందే రైలెక్కదు. యార్మిల అరవై వేయించింది. అది నిజం. పారిస్ దాకా అవే తిన్నారు, అదీ నిజమే.

"ఈవిడ చేతి రీజ్‌కీ అంటే తెలుసుగా, పిండితే గిన్నెడు కొవ్వు. మనిషికొకటి ఇచ్చాను, కిటికీల్లోంచి చేతులు పెట్టి సొరంగం గోడలకి రుద్దమన్నాను. రుద్దారు. ఓ పచ్చబిళ్ళ ఎత్తాను. బండి జారిందండీ, ఎలా జారిందంటే పొద్దున బయల్దేరిన బండి ముందురోజు సాయంత్రానికి పారిస్ చేరింది."

"బయల్దేరకముందే చేరారన్నమాట," అన్నాడు ఎవ్‌జెన్.

"ఓ పూట ముందు. అదే వచ్చిన చిక్కు. వేళకి ముందు రావడం కూడా తప్పేగా, మన రూలు పుస్తకంలో ఉంది. అందుకని ఊరి బయట సిగ్నల్ దగ్గర రాత్రంతా నిలబెట్టాను."

కొట్టు కొట్టంతా పొట్టలు పట్టుకుంది. హెద్విక గ్లాసులు కింద పెట్టి కళ్ళొత్తుకుంది. పారిస్‌లో ఆ పెద్ద ఇనుప బురుజు జానెడు పక్కకి వాలి ఉందట, ఇన్నేళ్ళుగా ఒక్కడూ గమనించలేదట. ఆలోయిస్ తన రైలుపెట్టె తాళంచెవితో ఓ మర బిగిస్తే నిటారుగా నిలబడిందట. బిగించాక దాని కొసన ఎర్రటోపీ తగిలిస్తే ఊళ్ళో బళ్ళు, మనుషులు, గడియారాలు, ఆఖరికి నది కూడా ఆగిపోయాయట. ఆ నిశ్శబ్దంలో భార్యకు ముద్దు పెట్టి, టోపీ తీసి, ఊరిని మళ్ళీ సాగనంపాడట.

చప్పట్లు మోగాయి. నాయకుడంటే ఇలా ఉండాలన్నారు. దారి పొడుగునా నవ్వుకోవచ్చన్నారు. వ్లాస్త కాగితం మీద కలం పెట్టింది. యార్మిల కూడా చప్పట్లు కొట్టింది. అయిపోయింది, ఇంక మే నెలలో బెంచీయే అనుకుంది.

అప్పుడు ఎవ్‌జెన్ అడిగాడు. గుచ్చడానికి కాదు, పాపం మోకాళ్ళ కోసం అడిగాడు.

"ఒరేయ్ ఆలోయిస్, నేను ఎక్కువ నడవలేను. వెనిస్‌లో స్టేషన్నుంచి ఆ పడవల దాకా మీరెలా వెళ్ళారు?"

"నడవడమెందుకురా? స్టేషన్ ఎదురుగా ట్రామ్ ఎక్కాం, మూడో స్టాపులో దిగాం."

ఆలోచించి చెప్పిన మాట కాదు. ఆలోయిస్ ఎరిగిన స్టేషన్లన్నిటి ముందూ ట్రామ్ స్టాపుంటుంది, పక్కన పూలకొట్టుంటుంది. లేని స్టేషన్ ఉంటుందని కల్లో కూడా అనుకోడు.

వ్లాస్త కలం ఆగింది. యాత్ర కోసం తెప్పించిన రంగుల కాగితం తిరగేసి, కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"ఆలోయిస్ గారూ, వెనిస్ స్టేషన్ బొమ్మ ఇక్కడుంది. గుమ్మం, గుమ్మం ముందు మెట్లు, మెట్ల కింద నీళ్ళు. ట్రామ్ ఎక్కడ నడుస్తుందండీ?"

"నీళ్ళడుగున," అన్నాడు ఆలోయిస్ తడుముకోకుండా. ఎవ్వరూ నవ్వలేదు. ఆయనే ఓసారి నవ్వి, ఎవరూ అందుకోకపోయేసరికి భార్య వైపు తిరిగాడు. "మా ఆవిడ ఎక్కింది కదా. అడగండి. చెప్పవే యార్మిలా."

గదంతా ఆమె వైపు చూసింది. ఊఁ అంటే చాలు. ఆయన పరువు నిలుస్తుంది, కాగితం మీద పేరు పడుతుంది. ఆయన కళ్ళలో బతిమాలుకోవడం చూస్తే ఆమెకు జాలేసింది. కాఫీ కప్పు పక్కకి జరిపింది.

"ట్రామ్ నేను చూళ్ళేదు. మెట్లు చూశాను. పై మెట్టు దాకా వెళ్ళాను, సంచి పట్టుకునే. ఎదురుగా నీళ్ళు, నీళ్ళకవతల ఆకుపచ్చ గుమ్మటం, కింద పడవలవాడు నాకు చెయ్యూపాడు కూడా. దిగుదామని కాలు ముందుకు పెట్టాను. లోపల్నుంచి ఈయన కేకేశారు, పద్నాలుగు పెట్టెల బండొస్తోంది, తొందరగా వచ్చి చూడు అని. వెళ్ళి చూశాను."

"పదహారు," అన్నాడు ఆలోయిస్.

ఆపుకోలేకపోయాడు. పెట్టెల లెక్క తప్పు చెబితే ఆయన ప్రాణం ఒప్పదు. అన్నాక నాలుక్కరుచుకున్నాడు గానీ అప్పటికే కొట్టు కప్పు లేచిపోయేట్టు నవ్వు లేచింది. ఎవ్‌జెన్ బల్ల మీద గుద్దుతున్నాడు. యార్మిల కూడా నవ్వింది, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ముందు నవ్వుకే వచ్చాయి ఆ నీళ్ళు. నవ్వు సద్దుమణిగాక ఆలోయిస్ ఆమె వైపు వంగాడు. ఆమెకొక్కదానికే వినపడేట్టు, నువ్వు అంత దాకా వెళ్ళావని నాకు తెలీదే అన్నాడు.

వ్లాస్త కాగితం మీద మొదటి అక్షరం కొట్టేసింది. ఈ గదిలో ఆ నీళ్ళు కళ్ళారా చూసిన మనిషి యార్మిల ఒక్కతే, కాబట్టి టికెట్టు ఆవిడ జేబులోనే ఉండాలంది. చేతులెత్తమంటే ఇరవై మూడు చేతులు లేచాయి. ఆలోయిస్‌ది కాస్త ఆలస్యంగా లేచింది, కానీ లేచింది.

యార్మిల లేచి నిలబడి గౌను సర్దుకుంది. నాయకురాలిగా ఆమె మొదటి మాట ఇది.

"వెనిస్‌లో దిగగానే అందరం మెట్లు దిగి వెళ్ళిపోదాం. సాయంత్రం దాకా వెనక్కి రావద్దు. పెట్టెలూ సంచులూ స్టేషన్లోనే వదిలేద్దాం, ఎవరో ఒకరు కాపలా ఉండాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ప్లాట్‌ఫాం మీదే."

ఆమె చూపు ఆలోయిస్ మీదే ఉంది. ఇది శిక్ష అని కొందరు జాలిపడ్డారు. ఎవ్‌జెన్ ఏదో అనబోయాడు. ఆలోయిస్ మాత్రం మెల్లగా తలెత్తాడు, చెయ్యి తనంతట తనే చొక్కా జేబులోని చిన్న పుస్తకం మీదికి పోయింది.

"ఎన్నో ప్లాట్‌ఫాం?" అన్నాడు.