ఖాళీ కాగితం

బేతంచెర్లలో నాపరాళ్ల ఫ్యాక్టరీ గేటు బయట కూతురు ఫైలు పట్టుకుని నిలబడి ఉంది. లోపల రాళ్లు కోసే తండ్రి దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు.

"ఆఫీసులో ఉద్యోగం ఇచ్చినారా పాపా?"

"ఇచ్చినారు నాయనా. లారీలోళ్లవి, కూలోళ్లవి ఒప్పందాలన్నీ ఇంగ నేనే చూడాల."

"మరి మొగం అట్ల పెట్టినావేం?"

"చేరేటప్పుడు నువ్వు ఖాళీ కాగితం మీద ఏలిముద్ర ఏసినావు. మిషన్లో నీ చెయ్యి తెగినాక, తప్పు నీదేనని దాంట్లోనే రాసుకున్యారు."

"అది ఈడ రివాజు పాపా."

"ఎట్ల ఏస్తివని నీతో కొట్లాడే గదా, నేను ఈ కాంట్రాక్టుల కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకునింది. ఈ పొద్దు నా ముందర గూడా ఒకటి పెట్టినారు."

"ఖాళీదేనా?"

"ఖాళీదే."

"సదువుకున్యావు గదా, ఏం జేసినావు?"

"సంతకం పెట్టినా నాయనా. నీ మాదిరి ఏలిముద్ర ఏయలే."